పేరు కోసం పరుగు: సోన్ కీ చుంగ్ జీవితగాథ

పాఠశాల వార్షిక క్రీడోత్సవంలో పరుగుపందెం ముగిసిన వెంటనే వ్యాయామోపాధ్యాయులు చేసే మొదటి పని, గెలిచిన విద్యార్థి పేరు అడిగి చీటీపై వ్రాసుకోవడం. ఆ చీటీ వేదిక మీదికి చేరుతుంది. మైకులో ఆ పేరు వినిపించగానే చప్పట్లు మ్రోగుతాయి. జనం మధ్య కూర్చున్న తల్లి ముఖం వెలిగిపోతుంది. బహుమతిగా ఇచ్చే స్టీలు గ్లాసు, సబ్బుపెట్టె ఎంతోకాలం నిలిచేవి కావు. పదిమందిలో తన పేరు తన పేరుగా వినిపించిన ఆ క్షణం మాత్రం ఆ బిడ్డకు జన్మంతా గుర్తుంటుంది. డెబ్బది అయిదేండ్లుగా మన పాఠశాలలో చదివిన వారందరికీ ఈ అనుభవం ఏదో ఒక రూపంలో తెలిసినదే.

ప్రపంచంలోకెల్లా గొప్ప పరుగుపందెంలో గెలిచి కూడా తన పేరు తన పేరుగా వినలేకపోయిన ఒక విద్యార్థి గాథను ఈ ప్లాటినం జూబ్లీ సంచిక పాఠకులకు మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయన కొరియా దేశీయులు. పేరు సోన్ కీ చుంగ్. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ మారథాన్ విజేత. ఆ తరువాత అర్ధశతాబ్దికి పైగా శిక్షకులుగా, క్రీడా పరిపాలకులుగా తన జాతికి సేవ చేసిన మహనీయులు. విజేతగా ఆయన ప్రపంచానికంతటికీ తెలుసు. గురువుగా ఆయన సాధించినది అంతకంటే గొప్పదని నా విశ్వాసం.

సోన్ 1912లో కొరియా వాయవ్య సరిహద్దులోని సినూయిజు పట్టణంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. ఆ పట్టణానికి ఒక ప్రక్క యాలు నది. నదికి ఆవలి ఒడ్డు చైనా. ఆయన పుట్టడానికి రెండేండ్ల ముందే, 1910లో, జపాను సామ్రాజ్యం కొరియాను తనలో కలిపివేసుకున్నది. కనుక ఆయన కన్ను తెరిచేనాటికే ఆయన దేశానికి పటంలో ప్రత్యేకమైన రంగు లేదు, ఎగురవేయడానికి సొంత పతాకం లేదు.

చలికాలంలో నది గడ్డకట్టే ఆ ప్రాంతంలో పిల్లలకు మంచు మీద జారే ఆట అంటే ప్రాణం. దానికి ఇనుప పట్టీలు బిగించిన బూట్లు కావాలి, వాటికి డబ్బు కావాలి. పరుగుకు మాత్రం కాళ్ళు ఉంటే చాలు. ఆ విధంగా పేదరికమే ఆయనకు పరుగును చూపించింది. చదువు కూడా సాఫీగా సాగలేదు. పొట్టపోసుకునే అవసరం చదువును వెనక్కు నెట్టింది. తోటివారు చదువు ముగించే వయసులో, ఇరవై ఏండ్లకు, ఆయన రాజధాని సియోల్‌లోని యాంగ్‌జంగ్ ఉన్నత పాఠశాలలో చేరగలిగారు.

ఆ పాఠశాలకు దూరపు పరుగులో మంచి పేరుండేది. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ మారథాన్‌లో ఆరవ స్థానం పొందిన కిమ్ ఉన్ బే ఆ పాఠశాల విద్యార్థియే. సోన్‌కు తోడుగా నామ్ సుంగ్ యోంగ్ అనే మరొక పరుగువీరుడు కూడా అక్కడే చదువుకున్నారు. వెనుకటి విద్యార్థి సాధించిన దానిని చూసి ముందువాడు ఉత్సాహం పొందడం, తోటివాడి పరుగుతో తన పరుగును సరిచూసుకోవడం, ఇవే ఒక పాఠశాల తన పిల్లలకు ఇవ్వగల పెద్ద ఆస్తులు. యాంగ్‌జంగ్ పాఠశాల సోన్‌కు ఈ రెండూ ఇచ్చింది.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. బలం ఉన్నవాడు పది కిలోమీటర్లు పరుగెత్తగలడు, పట్టుదల ఉన్నవాడు ఇరవై పూర్తి చేయగలడు. ఆ పైన శరీరంలోని శక్తి నిల్వలు తరిగిపోతాయి. ఎంత వేగంగా పోవాలన్నది ఎంత, ఎప్పుడు ఆగి ఉండాలన్నది అంతే ముఖ్యమైన విద్య. ఆ విద్యలో సోన్ అసమానులు. 1933 నుండి 1936 వరకు ఆయన పాల్గొన్న మారథాన్ పరుగులలో ఏనాడూ మొదటి మూడు స్థానాలకు దిగువకు పోలేదు. వానిలో అధికభాగం గెలిచారు. 1935 నవంబరు 3వ తేదీన టోక్యోలో 2 గంటల 26 నిమిషాల 42 సెకండ్లలో పరుగు ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఈ అంకెను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను. ఇది మరల మన కథలోకి వస్తుంది.

బెర్లిన్ ఒలింపిక్స్‌కు జట్టును ఎంపిక చేసేవారు జపాను అధికారులు. కొరియా యువకుడు ఎంత వేగంగా పరుగెత్తినా జపాను పతాకం క్రిందనే పరుగెత్తాలి, లేదా ఇంట కూర్చోవాలి. మూడవ దారి లేదు. 1936లో జరిగిన ఎంపిక పరుగులో నామ్ మొదటివారుగా, సోన్ రెండవవారుగా రావడంతో ఇద్దరు కొరియనులనూ తీసుకొనక తప్పలేదు. సైబీరియా మీదుగా రైలులో సుదీర్ఘ ప్రయాణం చేసి వారు జర్మనీ చేరారు.

అక్కడ పట్టికలో వ్రాసిన పేరు సోన్ కీ చుంగ్ కాదు, సోన్ కిటేయి. చైనా లిపిలో ఆ పేరును వ్రాసే అక్షరాలు ఒకటే. కొరియనులు వాటిని ఒక విధంగా పలుకుతారు, జపానీయులు మరొక విధంగా పలుకుతారు. కన్నతల్లి పిలిచిన పిలుపు పోయి, పాలకుల నోట పలికిన పలుకు ప్రపంచానికి ఆయన పేరయింది. దీనికి ఆయన ఎదురుతిరిగి కేకలు వేయలేదు. తనను సంతకం అడిగిన వారికి కొరియా అక్షరాలలో తన పేరు వ్రాసి ఇచ్చేవారు. ప్రక్కన కొరియా అని వ్రాసేవారు, కొన్నిసార్లు కొరియా పటం కూడా గీసేవారు. అడిగినవారికి తాను కొరియనునని చెప్పేవారు. ఒక్క కలంతో ఒక సామ్రాజ్యానికి ఆయన ఇచ్చిన సమాధానమది.

1936 ఆగస్టు 9వ తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు మారథాన్ మొదలైంది. 27 దేశాలకు చెందిన 56 మంది బరిలో ఉన్నారు. స్టేడియం నుండి బయలుదేరి, గ్రూనెవాల్డ్ అడవి ప్రక్కగా, హావెల్ నది ఒడ్డున సాగి, మరల స్టేడియానికి రావాలి. అంతకు ముందటి ఒలింపిక్స్ విజేత, అర్జెంటీనాకు చెందిన హువాన్ కార్లోస్ జబాలా ఆరంభం నుండే బాణంలా దూసుకుపోయారు. ఆయనను వెంటాడాలన్న ఆరాటం సోన్‌కు కలిగింది. అప్పుడు ప్రక్కనే పరుగెత్తుతున్న బ్రిటన్ క్రీడాకారుడు ఎర్నెస్ట్ హార్పర్, తొందరపడవద్దని, ఆ వేగంతో జబాలా తనంతట తానే అలసిపోతాడని సైగలతో తెలియజేశారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పైగా ఇద్దరూ ప్రత్యర్థులు. అయినా ఆ హితవును సోన్ ఆలకించారు.

హార్పర్ ఊహించినట్లే జరిగింది. సగం దూరం దాటిన పిమ్మట జబాలా వేగం సడలింది. 28వ కిలోమీటరు ప్రాంతంలో సోన్, హార్పర్ ఆయనను దాటిపోయారు. కొద్దిసేపటికి జబాలా పందెం నుండి విరమించుకున్నారు. ఆ తరువాత సోన్ ఒంటరిగా ముందుకు సాగి 2 గంటల 29 నిమిషాల 19.2 సెకండ్లలో గమ్యం చేరారు. ఒలింపిక్ మారథాన్‌ను రెండున్నర గంటలలోపు ముగించిన మొదటి వ్యక్తి ఆయనే. పాదానికి బొబ్బలెక్కి బాధపడుతూనే హార్పర్ రెండవవారుగా వచ్చారు. ఎక్కడో వెనుక నుండి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చిన నామ్ సుంగ్ యోంగ్ మూడవ స్థానం పొందారు. ఆనాడు ప్రపంచంలోని ముగ్గురు మేటి పరుగువీరులలో ఇద్దరు సియోల్‌లోని ఒకే పాఠశాల నుండి వచ్చినవారు. అందులో సోన్ అప్పటికి ఇంకా ఆ పాఠశాల విద్యార్థియే అన్న సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

విజేతల వేదిక మీద జపాను పతాకం పైకి లేచింది. జపాను జాతీయగీతం మ్రోగింది. ఆనాటి ఛాయాచిత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. జీవితంలో అత్యున్నత శిఖరం అందుకున్న ఇద్దరు యువకులు తలలు వంచి నిలబడి ఉన్నారు. ఆ క్రీడలలో స్వర్ణ పతకం పొందిన ప్రతివారికీ కుండీలో ఒక ఓక్ మొక్కను కూడా బహూకరించారు. సోన్ ఆ మొక్కను ఛాతీకి హత్తుకొని పట్టుకున్నారు. దాని ఆకులు ఆయన బనియను మీది సూర్యబింబపు గుర్తును కప్పివేశాయి. కాంస్యం పొందిన నామ్‌కు మొక్క లేదు. సోన్ పొందిన పతకం కంటే ఆ గుర్తును కప్పుకొనే అవకాశమే తనకు అసూయ కలిగించిందని నామ్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

విజయవార్త కొరియా చేరింది. కానీ ఆ ఛాయాచిత్రాన్ని ప్రచురించడమెలా? సియోల్‌లో వెలువడే దోంగా ఇల్బో దినపత్రిక ఆగస్టు 25వ తేదీ సంచికలో ఆ చిత్రాన్ని ముద్రించింది. అందులో సోన్ ఛాతీ మీది జపాను గుర్తు చెరిపివేసి ఉంది. పోలీసులు వెంటనే పత్రికా కార్యాలయం మీద పడ్డారు. విలేఖరి యీ గిల్ యోంగ్, ప్రసిద్ధ కథకులు హ్యోన్ జిన్ గోన్ మొదలైన వారిని నిర్బంధించారు. పత్రికను తొమ్మిది నెలలపాటు నిలిపివేశారు. ఇటువంటి చిత్రాన్నే ప్రచురించిన మరొక పత్రిక చోసన్ జుంగాంగ్ ఇల్బో మూతపడి మరల తెరుచుకోలేదు. చొక్కా మీది చిన్న గుర్తు కోసం ఇందరు ఇంత మూల్యం చెల్లించారంటే, ఒక జాతికి తన పేరు ఎంతటి విలువైనదో మనం ఊహించవచ్చు.

స్వదేశం చేరిన విజేతకు ఊరేగింపులు లేవు, నిఘా మాత్రం ఉంది. ప్రజలు ఆయన చుట్టూ చేరడమే పాలకులకు కంటగింపయింది. జపాను పతాకం క్రింద ఆయన మరల పోటీ పరుగులలో దిగలేదు. ఇరవై నాలుగేండ్ల వయసులో, ఇంకా ఎన్నో ఏండ్లు పరుగెత్తగల దశలో, ఆయన పోటీ జీవితం ముగిసిపోయింది. 1937లో యాంగ్‌జంగ్‌లో చదువు పూర్తి చేసి, తరువాత టోక్యోలోని మెయిజీ విశ్వవిద్యాలయంలో చేరి 1940లో పట్టభద్రులయ్యారు. బెర్లిన్ నుండి తెచ్చిన ఓక్ మొక్కను తన పాఠశాల ఆవరణలో నాటారు.

అటుపైన కొరియాకు మరింత కష్టకాలం వచ్చింది. 1938 నుండి పాఠశాలలలో కొరియా భాషాబోధనను క్రమంగా తొలగించారు. 1940లో కొరియనులు జపాను తరహా పేర్లు పెట్టుకోవాలన్న ఒత్తిడి మొదలైంది. బెర్లిన్‌లో ఒక సోన్‌కు జరిగినది ఇప్పుడు ఇంటింటికీ వచ్చింది. పాఠశాల ఆవరణలో ఓక్ మొక్క మాత్రం ఏటేటా ఒక జానెడు ఎదుగుతూ ఉన్నది.

1945 ఆగస్టు 15వ తేదీన జపాను లొంగిపోయింది. మనకు రెండేండ్ల తరువాత అదే తేదీన స్వాతంత్ర్యం వచ్చింది కనుక ఆనాటి కొరియనుల ఆనందం మనకు సులభంగా అర్థమవుతుంది. ఆ శరదృతువులో సియోల్‌లో జరిగిన విముక్తి క్రీడోత్సవంలో సోన్ కొరియా పతాకాన్ని పట్టుకొని ముందు నడిచారు. బెర్లిన్‌లో తల వంచుకున్న మనిషి ఆనాడు తల ఎత్తి, కన్నీరు కారుస్తూ నడిచారు.

అప్పటికి ఆయన వయసు ముప్పది మూడు. తాను మరల పరుగెత్తి కోల్పోయినది రాబట్టుకొనే కాలం దాటిపోయింది. ఇక్కడ ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. జరిగిన అన్యాయాన్ని తలచుకుంటూ జీవితం గడపడం ఒకటి. తనకు దక్కనిది రాబోయే తరానికి దక్కేటట్లు చూడడం రెండవది. ఆయన రెండవ దారిని ఎంచుకున్నారు. 1946లో నామ్, కిమ్ ఉన్ బే మొదలైన పాత మిత్రులతో కలిసి మారథాన్ పరుగును వ్యాప్తి చేయడానికి ఒక సంఘం స్థాపించారు. దేశం చితికిపోయి ఉన్నది. ఆహారానికి కటకట, బూట్లకు కటకట. పల్లెల నుండి వచ్చిన యువకులను తన ఇంటిలోనే ఉంచుకొని, ఉన్నదానిలో తిండి పెట్టి, తెల్లవారుజామున లేపి పరుగెత్తించారు. మన పూర్వపు గురుకులాల వంటిదే ఆ ఏర్పాటు.

ఆ యువకులలో సో యున్ బోక్ ఒకరు. అయిదడుగులకు కొద్దిగా పైబడిన ఎత్తు, సన్నని దేహం. ఆయనను 1947లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు తీసుకుపోవాలని సోన్ సంకల్పించారు. కొరియాకు అప్పటికి సొంత ప్రభుత్వమే లేదు. దక్షిణ భాగాన్ని అమెరికా సైనిక పాలనా యంత్రాంగం నడుపుతున్నది. ప్రయాణ ఖర్చులకు చందాలు పోగుచేయవలసి వచ్చింది. అక్కడ పనిచేస్తున్న అమెరికా సైనికోద్యోగులు కూడా తమ వంతు సాయం చేశారు. శిక్షకులుగా సోన్, పరుగులో తోడుగా నామ్, ఆశాకిరణంగా సో, ముగ్గురూ సైనిక విమానంలో మజిలీలు చేసుకుంటూ బోస్టన్ చేరారు.

ఏప్రిల్ 19వ తేదీన పందెం జరిగింది. దారిలో ఒక కుక్క అడ్డురావడంతో సో క్రిందపడ్డారు. మోకాలు గీసుకుపోయింది. తరువాత బూటు తాడు కూడా ఊడింది. ఆగక, అలాగే పరుగెత్తి ఆయన 2 గంటల 25 నిమిషాల 39 సెకండ్లలో మొదటివారుగా గమ్యం చేరారు. రెండవ స్థానంలో వచ్చిన ఫిన్లండ్ క్రీడాకారుడు నాలుగు నిమిషాలు వెనుకబడి ఉన్నారు. ముప్పది నాలుగేండ్ల నామ్ పన్నెండవ స్థానం పొందారు.

పాఠకులను గుర్తుంచుకొమ్మని కోరిన అంకె ఇప్పుడు తిరిగి చూడవలసి ఉన్నది. 1935లో టోక్యోలో సోన్ నెలకొల్పిన రికార్డు 2 గంటల 26 నిమిషాల 42 సెకండ్లు. పన్నెండేండ్లకు దగ్గరగా ప్రపంచంలో ఎవ్వరూ దానిని చెరపలేకపోయారు. దానిని చెరిపినవాడు ఆయన తన ఇంట పెట్టుకొని పెంచిన శిష్యుడు. ఎవరి చేతిలోనైనా ఓటమి చేదు, శిష్యుని చేతిలో ఓటమి మాత్రం గురువు కోరుకోవలసిన వరమని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాట అక్షరాలా నిజం కావడం చూసే భాగ్యం లోకంలో బహు కొద్దిమంది గురువులకు కలిగింది. అంతకంటే ముఖ్యమైనది, ఈ రికార్డు పట్టికలోకి కొరియా పేరుతో, కొరియా పలుకుబడిలో ఉన్న మనిషి పేరుతో ఎక్కింది. తన రికార్డు పోతేనే తన జాతి పేరు వెలిగిన విచిత్ర సందర్భమది.

మరుసటి ఏడు, 1948లో, లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో సోన్ కొరియా పతాకాన్ని మోశారు. 1950 ఏప్రిల్‌లో ఆయన ముగ్గురు శిష్యులను బోస్టన్‌కు తీసుకుపోయారు. హామ్ కీ యోంగ్ మొదటి స్థానం, సాంగ్ కిల్ యూన్ రెండవ స్థానం, చొయ్ యూన్ చిల్ మూడవ స్థానం పొందారు. మొదటి మూడు స్థానాలూ ఒకే దేశానికి, ఒకే గురువు శిష్యులకు దక్కాయి.

ఆ సంబరం ఎంతోకాలం నిలువలేదు. జూన్ 25వ తేదీన కొరియా యుద్ధం ఆరంభమైంది. మూడేండ్ల యుద్ధం తరువాత దేశం రెండు ముక్కలుగా మిగిలింది. సోన్ పుట్టిపెరిగిన సినూయిజు ఉత్తర కొరియాలో ఉండిపోయింది, ఆయన దక్షిణ కొరియాలో ఉండిపోయారు. పరాయి పాలన పోయి పేరు తిరిగివచ్చింది, కానీ కన్న ఊరు చేజారిపోయింది. ఆయన జీవితంలోని ఈ లోటు ఏ పతకమూ పూడ్చలేనిది.

యుద్ధం మిగిల్చిన శిథిలాల నడుమ క్రీడలను మరల నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. మైదానాలు కావాలి, శిక్షకులు కావాలి, పోటీల నిర్వహణకు నియమాలు, లెక్కలు, రికార్డుల పుస్తకాలు కావాలి. ఈ పనులలో కీర్తి తక్కువ, శ్రమ ఎక్కువ. సోన్ ఈ భారాన్ని కూడా తలకెత్తుకున్నారు. కొరియా క్రీడామండలిలో ఉపాధ్యక్షులుగా, కొరియా అథ్లెటిక్ సమాఖ్య అధ్యక్షులుగా పనిచేశారు. 1966లో బాంకాక్ ఆసియా క్రీడలకు వెళ్ళిన కొరియా బృందానికి నాయకత్వం వహించారు. 1988 సియోల్ ఒలింపిక్స్ నిర్వాహక సంఘంలోనూ సభ్యులుగా ఉన్నారు. 1983లో తన మాతృదేశాన్ని, మారథాన్‌ను గూర్చి ఆత్మకథ వ్రాసుకున్నారు.

బెర్లిన్ స్టేడియంలోని శిలాఫలకం మీద విజేతల పేర్లు, దేశాలు చెక్కి ఉన్నాయి. సోన్ పేరు ప్రక్కన ఉన్నది జపాను. 1970లో పార్క్ యోంగ్ రోక్ అనే దక్షిణ కొరియా పార్లమెంటు సభ్యులు ఒక రాత్రి ఉలి తీసుకుపోయి ఆ మాటను చెక్కివేసి కొరియా అని మార్చారు. జర్మనీ అధికారులు దానిని మరల పూర్వపు రీతిలోనే పెట్టించారు. చట్టం దృష్టిలో ఆ పని సమర్థనీయం కాకపోవచ్చు. ముప్పది నాలుగేండ్ల తరువాత కూడా ఆ గాయం మానలేదని మాత్రం అది తెలుపుతున్నది.

ఆయనకు రావలసిన మరొక బాకీ కూడా ఉన్నది. బెర్లిన్ మారథాన్ విజేతకు ఇవ్వడానికి ఏథెన్సు నగరంలోని ఒక పత్రిక ప్రాచీన గ్రీకు యోధుల కంచు శిరస్త్రాణం ఒకటి బహూకరించింది. ఒలింపియాలో తవ్వకాలలో బయటపడిన ఆ వస్తువు క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్ది నాటిది. ఔత్సాహిక క్రీడాకారులు విలువైన కానుకలు స్వీకరించరాదన్న నియమం చూపి దానిని ఆయనకు ఇవ్వలేదు. అది బెర్లిన్ మ్యూజియంలో ఉండిపోయింది. ఎంతో ప్రయత్నం జరిగిన తరువాత 1986లో, అనగా గెలుపుకు సరిగ్గా యాభై ఏండ్లకు, అది ఆయన చేతికి అందింది. కొరియా ప్రభుత్వం దానిని జాతీయ సంపదగా గుర్తించింది. 1994లో సోన్ దానిని జాతీయ మ్యూజియానికి ఇచ్చివేశారు. అర్ధశతాబ్ది ఎదురుచూసి పొందిన కానుకను ఎనిమిదేండ్లు కూడా తన వద్ద ఉంచుకోలేదు.

1988 సెప్టెంబరు 17వ తేదీన సియోల్ ఒలింపిక్స్ ప్రారంభమయ్యాయి. జ్యోతిని స్టేడియంలోకి ఎవరు తెస్తారా అని లక్షలాది కళ్ళు ఎదురుచూస్తున్నాయి. ద్వారం నుండి తెల్లని దుస్తులలో డెబ్బది ఆరేండ్ల వృద్ధుడు పరుగున వచ్చారు. అది వృద్ధుని పరుగులా లేదు. బడి వదిలిన పిల్లవాడిలా ఎగిరి గంతులు వేస్తూ వచ్చారు. ఛాతీ మీద దాచుకోవలసిన గుర్తు ఏదీ లేదు. మైకులో వినిపించిన పేరు సోన్ కీ చుంగ్. జ్యోతిని ఆయన లిమ్ చున్ ఏ అనే యువతికి అందించారు. ఆమె 1986 ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచిన పరుగుల రాణి. తాతగారి చేతినుండి మనుమరాలి చేతికి దీపం అందినట్లున్న ఆ దృశ్యం టెలివిజన్‌లో చూసినవారు మన పూర్వ విద్యార్థులలో కూడా కొందరు ఉండవచ్చు.

ఇంకొక్క కోరిక మిగిలి ఉంది. ఒలింపిక్ మారథాన్‌ను కొరియా పేరుతో ఒక కొరియనుడు గెలవాలి. 1992 ఆగస్టు 9వ తేదీన బార్సిలోనాలో అది నెరవేరింది. మోంజుయిక్ కొండ ఎక్కుడులో హ్వాంగ్ యంగ్ చో అనే యువకుడు జపాను క్రీడాకారుడు కోయిచి మొరిషితను వెనుకకు నెట్టి స్వర్ణ పతకం సాధించారు. హ్వాంగ్‌కు నిత్యశిక్షణ ఇచ్చినవారు వేరొకరైనా, ఆయనను ఎంతో ప్రేమతో ప్రోత్సహించిన పెద్దదిక్కు సోన్. ఎనభై ఏండ్ల ఆ పెద్దాయన ఆనాడు స్టేడియంలోనే కూర్చొని ఉన్నారు. తేదీని పాఠకులు గమనించే ఉంటారు. బెర్లిన్‌లో తలవంచుకున్న నాటి నుండి సరిగ్గా యాభై ఆరేండ్లు, ఒక్క రోజు ఎక్కువ కాదు, తక్కువ కాదు. 2001లో లీ బోంగ్ జు బోస్టన్ మారథాన్ గెలిచినప్పుడు కూడా ఆయన జీవించే ఉన్నారు.

2002 నవంబరు 15వ తేదీన సోన్ కీ చుంగ్ సియోల్‌లో న్యుమోనియాతో కన్నుమూశారు. ఆయనను తేజోన్ నగరంలోని జాతీయ సమాధి వాటికలో ఖననం చేశారు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం విజేతల పట్టికలో నేటికీ ఆ స్వర్ణం జపాను ఖాతాలోనే, కిటేయి సోన్ పేరుతోనే ఉన్నది. ఆనాటి పరిస్థితులను తెలియజేసే వివరణ మాత్రం ఆయన జీవిత విశేషాలలో చేర్చారు. పట్టికలోని పేరును ఆయన మార్చలేకపోయారు. ఆ పట్టికలో తరువాతి వరుసలలో ఎవరి పేర్లు, ఎలా ఉండాలన్నది మాత్రం తన జీవితంతో నిర్ణయించగలిగారు.

ఆయన చదివిన పాఠశాల తరువాత నగరంలోని వేరొక ప్రాంతానికి తరలిపోయింది. పాత ఆవరణ ఆయన పేరిట ఉద్యానవనమైంది, పాత భవనంలో ఆయన స్మారక మందిరం వెలసింది. బెర్లిన్ నుండి వచ్చిన ఓక్ మొక్క అక్కడే మహావృక్షమై నిలిచి ఉన్నది. ఒకనాడు ఒక యువకుని గుండెమీది గుర్తును కప్పిన నాలుగు ఆకులు ఈనాడు ఎందరు పిల్లలకో నీడనిస్తున్నాయి.

మన పరిస్థితికీ ఆనాటి కొరియనుల పరిస్థితికీ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. మనం మన దేశంలోనే, మన రాజ్యాంగం రక్షణలోనే, ఇరుగుపొరుగు భాషల వారితో కలిసిమెలిసి, తరతరాలుగా ఇక్కడ జీవిస్తున్నాము. మన పిల్లలు ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడుతూ రెండింటా రాణిస్తున్నారు. అయినా సోన్ జీవితం ఒక ప్రధానోపాధ్యాయురాలిగా నాకు రెండు సంగతులు నేర్పింది.

మొదటిది హాజరుపట్టీకి సంబంధించినది. ఒకటవ తరగతిలో చేరే బిడ్డ పేరును, ఇంటిపేరును తల్లిదండ్రులు పలికినట్లే, తప్పులేకుండా వ్రాయడం గుమాస్తా పని అని అనుకుంటాము. నిజానికి అది ఆ బిడ్డకు పాఠశాల చేసే మొదటి గౌరవం. ఆ పేరే బదిలీ పత్రం మీదికి, పట్టా మీదికి, ఏదో ఒకనాడు విజేతల పట్టిక మీదికి పోతుంది. రెండవది మన ఉపాధ్యాయ లోకానికి సంబంధించినది. మనలో చాలామందికి యౌవనంలో అందనివి ఎన్నో ఉంటాయి. చదవాలనుకొని చదవలేని చదువు, పాల్గొనాలనుకొని పాల్గొనలేని పోటీ. ఆ లోటును మనసులో చేదుగా నిలుపుకోవచ్చు, లేదా ఎదుట కూర్చున్న పిల్లలకు దారిగా మలచవచ్చు. 1947లో బోస్టన్‌లో తన రికార్డు చెరిగిపోవడం చూసి ఆనందించిన ఆ గురువు రెండవ దారి సాధ్యమేనని నిరూపించారు.

డెబ్బది అయిదేండ్ల క్రితం ఈ పాఠశాలకు పునాది వేసిన పెద్దలు కూడా తాము అనుభవించడానికి కాక, రాబోయే వారికోసమే ఈ మొక్క నాటారు. దాని నీడలో పెరిగిన పూర్వ విద్యార్థులు, నేటి తల్లిదండ్రులు, సహోపాధ్యాయులు అందరూ కలిసి దానికి నీరు పోస్తూ ఉండాలని, ఈ మైదానంలో పరుగెత్తే ప్రతి బిడ్డా తన సొంత పేరుతో పిలిపించుకొని వేదిక ఎక్కాలని మనసారా కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.